కరక్కాయ, తుప్పు, ఒక తెల్ల టీషర్టు

పుట్టినరోజు పార్టీలో పిల్లలకు తలా ఒక తెల్ల టీషర్టు, ఫాబ్రిక్ రంగుల ట్యూబులు ఇచ్చి బొమ్మలు వేయమనడం మంచి ఆలోచనే. కానీ విశాఖలాంటి ఊళ్ళో ట్యూబులతో పని లేదంటాను. కృష్ణా జిల్లా పెడనలో అచ్చులతోను, శ్రీకాళహస్తిలో కలంతోను కలంకారీ పనివాళ్ళు తరతరాలుగా వాడుతున్న నలుపు ఇందుకు ఎంతో మేలు. దానికి ముఖ్యంగా కావలసినవి రెండు, రెండూ మనకు దగ్గరివే.

ఒకటి కరక్కాయ. మన్యం అడవుల్లో గిరిజనులు ఏరి తెచ్చేది. 1956లో ఏర్పడి, విశాఖ కేంద్రంగా నడిచే గిరిజన సహకార సంస్థ వాళ్ళ దగ్గర కొనే అటవీ ఉత్పత్తుల్లో ఇదీ ఉంది. రెండోది తుప్పు పట్టిన ఇనుము. సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్ళో దానికి కొదవేముంది! పాత మేకులు, బెల్లం, నీళ్ళు మట్టికుండలో వేసి రెండు మూడు వారాలు ఉంచితే బెల్లం నీళ్ళు పులుస్తాయి, ఆ పులుపులో ఇనుము కరుగుతుంది.

టీషర్టు అచ్చమైన నూలుది కావాలి, పాలియెస్టర్‌కు ఈ రంగు పట్టదు. గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండలో ఆరేయాలి. కరక్కాయ వగరు నూలుకు పడుతుంది, పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. ఇదంతా పెద్దవాళ్ళు ముందే చేసిపెట్టాల్సిన పని.

ఇక పిల్లల వంతు. వెదురుపుల్ల కొన చెక్కి, కాస్త పైన పాత గుడ్డ చుట్టి దారంతో బిగిస్తే కలం తయారు. గుడ్డ ఇనుప నీళ్ళు పీల్చుకుంటుంది, వేళ్ళతో ఒత్తితే కొనకు దిగుతుంది. టీషర్టు లోపల అట్టముక్క పెట్టి గీత గీస్తే ముందు పలచటి టీ రంగు కనిపిస్తుంది. చూస్తుండగానే బూడిదరంగుకు తిరిగి, ఆపైన కాటుకలా నల్లబడుతుంది. అప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి! వగరూ ఇనుమూ పోగులోనే కలిసి నలుపవుతున్నాయి. పైన పూసిన పెయింటులా పెళుసుబారి రాలదు.

బొమ్మ రాదని మొరాయించే పిల్లలకు చుక్కల ముగ్గు ఉండనే ఉంది. మరీ చిన్నవాళ్ళకు బెండకాయ ముక్కే అచ్చు. ఇనుప నీళ్ళలో తుమ్మజిగురు కలిపి చిక్కబరిచి, పళ్ళెంలో పరిచిన కంబళి ముక్కను దానితో తడిపి, అచ్చును దాని మీద ఒత్తి బట్ట మీద అద్దాలి. పెడనలో టేకు అచ్చులతో అద్దే పద్ధతి ఇదే. అచ్చు పెట్టాక జరపకూడదు, జరిపితే పువ్వు అలుక్కుపోతుంది. ఈ నలుపు చెరిపితే పోదు. చుక్క పడితే దాన్ని పీతగానో పడవగానో మార్చుకోవాలి, పిల్లలకు అది చెప్పనక్కర్లేదు.

ఎరుపు అడిగితే పసుపులో ముంచిన బట్ట మీద వంటసోడా నీళ్ళతో గీయించవచ్చు. సున్నం తగిలి పారాణి ఎర్రబడేదీ ఇలాగే. అయితే పసుపు ఎండకు వెలుస్తుంది, అది ఆ పూట సరదాకే.

నల్ల బొమ్మలు వేసిన టీషర్టులను రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు ధారాళంగా నీళ్ళు పోసి జాడించాలి. బట్టలో ఇనుము ఎక్కువగా మిగిలితే కొన్నాళ్ళకు నూలు చివికిపోతుంది. ఒక్కొక్క టీషర్టునూ విడిగానే జాడించాలి, లేకపోతే ఒకదాని నలుపు ఇంకోదానికి అంటుకుంటుంది.