నీలి చుక్క కుదురుకునేదాకా

మిరప కోతలు ముగిసి దుక్కులు మొదలయ్యాయంటే పల్నాడులో ఏ చేను చూసినా ఎవరో ఒకరు ఫోను పట్టుకుని గట్ల వెంట చుట్టూ తిరుగుతుంటారు. ట్రాక్టరుతో రొటావేటరు కొట్టించినా, డ్రోనుతో మందు కొట్టించినా లెక్క ఎకరానికే. ఆ ఎకరం కొలత ఒకప్పుడు కరణం గారి దస్తరంలో ఉండేది, లేకపోతే పెద్దల నోట ఉండేది. ఇప్పుడు ఫోనులోని జీపీఎస్ చేతికొచ్చింది.

ఆ మధ్య నరసరావుపేట అవతల ఒక చేలో పేచీ పడింది. “ఎకరం ఐదు సెంట్లు వచ్చింది బాబాయ్” అన్నాడు ట్రాక్టరు కుర్రాడు. “మా నాయన నాటి నుంచీ అది ఎకరమేరా. ఐదు సెంట్లు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చాయి?” అన్నాడు పెద్దాయన. కుర్రాడు మళ్లీ చుట్టి వస్తే ఈసారి తొంభై ఎనిమిది సెంట్లే చూపించింది. ఇద్దరూ నిజాయితీపరులే. తూర్పు గట్టు నిండా తుమ్మచెట్లు ఉన్నాయి, చిక్కంతా వాటి దగ్గరే. మొదటిసారి ఆ కొమ్మల కింద నడుస్తుంటే తెర మీద మన చోటు చూపే నీలి చుక్క పక్క చేలోకి జరిగిపోయి గీత గీసుకుంటూ వచ్చింది. చుక్క చుట్టూ ఉండే లేత నీలం వలయం ఉబ్బి గట్టు దాటిపోయింది. ఇద్దరి కళ్లూ సెంట్ల అంకె మీదే ఉన్నాయి, వలయాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

నేను చెప్పదలచుకున్నది ఆ వలయం గురించే. మనిషి అసలు చోటు దాని లోపల ఎక్కడైనా ఉండవచ్చు. అది చిన్నదయ్యేదాకా కొలత మొదలుపెట్టకూడదు.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతం అందితేనే ఫోను మన చోటు లెక్కగట్టగలదు. అంత దూరం నుంచి వచ్చేసరికి ఆ సంకేతం బాగా నీరసించిపోతుంది. వాన వెలిసి ఆకులు తడిగా ఉంటే చెట్టు కింద ఇంకా తగ్గుతుంది. రేకుల షెడ్డు గోడకో, ట్రాక్టరు ఇనుముకో తగిలి తిరిగొచ్చిన సంకేతం చుట్టుదారిలో వస్తుంది కాబట్టి ఫోను దూరాన్ని తప్పు లెక్కేస్తుంది. రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే కొత్త ఫోన్లు ఈ తిరుగు సంకేతాన్ని కొంత పసిగడతాయి. పాతవాటికి అంత శక్తి లేదు. అందుకే ట్రాక్టరు పక్కన నిలబడి మొదటి మూల నొక్కవద్దంటాను. పది అడుగులు ఇవతలికి వచ్చి, ఫోను ఆకాశానికి చూపిస్తూ ఛాతీకి దూరంగా పట్టుకోవాలి. మన ఒళ్లు కూడా అడ్డమే. చెట్ల గట్టు తప్పనిసరైతే రెండు చివర్లా బయటి మూలలు గుర్తు పెట్టుకుని, మధ్య గీతను తిన్నగా కలిపేయటం మేలు.

మూడు మీటర్లు తేడా వస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్లకు కాస్త తక్కువ. ఒక్క గట్టు మూడు మీటర్లు బయటికి జరిగితే దాదాపు 190 చదరపు మీటర్లు, అంటే ఐదు సెంట్లకు దగ్గరగా కలిసిపోతుంది. అదే పదెకరాల చేనైతే అదే మూడు మీటర్లకు పదిహేను సెంట్లు కలుస్తాయి గానీ, వెయ్యి సెంట్లలో అదో లెక్క కాదు. తప్పు భారమంతా చిన్న చెక్క వాడి మీదే పడుతుంది. అరెకరం, ఎకరం కౌలుకు చేసుకునేవాళ్లను తలుచుకుంటే నాకు మనసొప్పక ఈ సంగతి రాస్తున్నాను.

ఇందులో కలిసొచ్చే సంగతి ఒకటుంది. నాలుగు మూలలూ ఒకే వైపుకి మూడు మీటర్లు జరిగితే చేను మొత్తం పక్కకు కదిలినట్టు కనిపిస్తుంది తప్ప వైశాల్యం మారదు. ఆకాశం వల్ల వచ్చే తేడా నిమిషాల మీద నెమ్మదిగా మారుతుంది కనుక, మొదలుపెట్టిన చుట్టు ఆగకుండా ముగిస్తే తేడా చాలావరకు రద్దయిపోతుంది. రెండు మూలలు నొక్కి, టీ తాగి, మాట్లాడి వచ్చి మిగతా రెండు నొక్కితే ఆ లాభం పోయినట్టే.

సిగ్నల్ అనగానే మనవాళ్లు టవరు గీతలు చూస్తారు. వెల్దుర్తి దాటి నల్లమల అంచున ఉన్న పొలాల్లో టవరు అందకపోతే “ఇక్కడ జీపీఎస్ పనిచెయ్యదన్నా” అనేస్తారు. జీపీఎస్‌కు టవరు అక్కర్లేదు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా పనిచేస్తుంది. నెట్ లేనప్పుడు తెర మీద మ్యాపు బొమ్మ రాదు, అంతే. కాకపోతే ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే సమాచారాన్ని ఫోను నెట్ ద్వారా చటుక్కున తెచ్చుకుంటుంది. నెట్ లేకపోతే దాన్ని ఉపగ్రహం నుంచే వినాలి. ఒక్కో ఉపగ్రహం ఆ సమాచారం చెప్పటానికే అర నిమిషం పడుతుంది, మధ్యలో అడ్డం తగిలితే మళ్లీ మొదటి నుంచి వినాలి. అందుకే ఊళ్లో నెట్ ఉండగానే యాప్ తెరిచి, పొలానికి వచ్చాక రెండు మూడు నిమిషాలు బయలు జాగాలో కదలకుండా నిలబడాలి. బ్యాటరీ సేవర్ తీసెయ్యాలి. రెంటచింతల ఎండలో ఫోను కాగి తెర మసకబారితే పల్చటి తువ్వాలు కప్పుకోవచ్చు, ఆ గుడ్డ సంకేతానికి అడ్డం కాదు.

ఈ జాగ్రత్తలు పొలానికే కాదు. హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకుని నయా ఖిల్లాలో గోల్ఫ్ మైదానం ఉంది. గోల్ఫ్ ఆడేవాళ్లు ముంజేతికి పెట్టుకునే జీపీఎస్ గడియారం, బంతి పడాల్సిన పచ్చిక ఇంకా ఎన్ని గజాలుందో చెబుతుంది. ఆ గడియారం తప్పు చూపించినా మందు ఇదే: ఆట మొదలుకాక ముందే బయట నిలబడి సిగ్నల్ పట్టనివ్వాలి, చెట్ల వరస నుంచి ఇవతలికి జరగాలి, ఫోనుతో కలిపి తాజా సమాచారం ఎక్కించుకోవాలి. వాళ్లకు తేడా వస్తే బంతి ఇసుకలో పడుతుంది, మన రైతుకైతే కూలి డబ్బులు పోతాయి.

వేళ కూడా చూసుకోవాలి. ఆకాశంలో పైనున్న అయనోస్ఫియర్ అనే పొర సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యం మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఎక్కువ. మన దేశం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి పొద్దుగూకాక కూడా ఒక్కోసారి సంకేతం మిణుకుమిణుకుమంటుంది. ఉదయం పూట కొలుచుకోవటం మంచిది. 2024 మేలో సూర్యుడి నుంచి పెద్ద తుపాను వచ్చినప్పుడు అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు విత్తనాలు వేసే వేళకు దారి తప్పి ఆగిపోయాయి. ఖరీదైన యంత్రాలకే అలా జరిగింది.

కొలతకు ముందు జాగ్రత్త కొత్తదేం కాదు. సర్వేయరు లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మన దేశపు మహా సర్వేకు తొలి గీత కొలిచినప్పుడు, ఉక్కు గొలుసు ఎండకు సాగకుండా డేరాల నీడలో పరిచి కొలిచాడు. ఆయన గొలుసుకు నీడ కావలసి వచ్చింది, మన ఫోనుకు నీడ పనికిరాదు.

దుక్కి కూలికీ మందు కూలికీ ఫోను కొలత చాలు, రెండుసార్లు చుట్టి సగటు తీసుకుంటే ఇంకా మేలు. హద్దు రాయి జోలికి మాత్రం దాన్ని తీసుకెళ్లవద్దు. భూముల రీసర్వేలో వాడిన రోవరు అనే జీపీఎస్ పరికరం పక్కా చోటున్న బేస్ స్టేషను దిద్దుబాటు అందుకుని సెంటీమీటర్ల లెక్కలో చెబుతుంది. ఆ దిద్దుబాటు సరిగ్గా అందకపోతే దాని తెర మీద ఫిక్స్ బదులు ఫ్లోట్ అని కనిపిస్తుంది. గట్టు తగాదా ఉంటే హద్దు కొలవమని ఎఫ్-లైన్ అర్జీ పెట్టుకోండి. సర్వేయరు వచ్చి కర్ర పాతినప్పుడు పక్కన నిలబడి, “ఫిక్స్ వచ్చిందా సార్?” అని అడగండి. రాకపోతే వచ్చేదాకా ఆగమనండి.