పాత వెండి రూపాయల పరీక్ష

బైరెడ్డిపల్లె, పలమనేరు, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పాత ఇళ్లలో, భోషాణాల్లోను పూజామందిరాల్లోను నేటికీ కనిపించే వెండి రూపాయి నిజానికి ఈ నేలకు ఆలస్యంగా వచ్చిన నాణెం. విజయనగర కాలం నుంచి దక్షిణాదిన పెద్ద లావాదేవీలు బంగారు వరహాలతోను, చిన్నవి రూకలతోను రాగి కాసులతోను సాగగా, మొగలుల వెంట దిగివచ్చిన వెండి రూపాయికి ఆర్కాటు టంకసాల ఆదరువైంది. ఆర్కాటు నమూనాలో రూపాయలు ముద్రించే అనుమతిని 1742లో పొందిన ఈస్టిండియా కంపెనీ, 1818లో నూరు వరహాలకు 350 రూపాయల చొప్పున లెక్కగట్టి, రూపాయినే మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రమాణ నాణెంగా చేసింది.

ఆర్కాటు రూపాయిని పరీక్షించడం కష్టమైన విద్య. దానిపై పారసీ లిపిలో ఉండే పేరు మొగలు చక్రవర్తి రెండవ ఆలంగీరుది. ఆయన 1759లోనే మరణించినా, ఆ పేరును, హిజ్రీ 1172 సంవత్సరాన్ని, ఆరవ పాలనా వర్షాన్ని మార్చకుండానే కంపెనీ దశాబ్దాల పాటు ముద్రించింది కనుక నాణెం మీది ఏడాదిని బట్టి దాని వయసు చెప్పరాదు. మద్రాసు ముద్రణకు తామర గుర్తు, పుదుచ్చేరిలో ఫ్రెంచివారి ముద్రణకు నెలవంక ఆనవాళ్లు. సుత్తిదెబ్బతో అచ్చొత్తిన నాణేల్లో అచ్చు కంటే బిళ్ల చిన్నది కావడంతో అక్షరాలు కొన్ని అంచు దాటిపోతాయి. అందువల్ల ఇలాంటి నాణేనికి అరుగుదలతో పాటు టంకసాల పేరు, గుర్తు, పాలనా వర్షం ఎంతమేర బిళ్ల మీద పడ్డాయన్నది కూడా చూసి తరగతి నిర్ణయించాలి. వెండి నాణ్యాన్ని తేల్చడానికి షరాబులు, అంటే నాణేలను పరీక్షించి మారకం చేసే వర్తకులు, వేసిన చిన్న గుంట ముద్రలను మార్కెట్టు లోపంగా లెక్కించి ధర తగ్గిస్తుంది. కానీ ఆ నాణెం బజారులో చేతులు మారి నిగ్గుతేలిందనడానికి అవే సాక్ష్యం కాబట్టి, చరిత్ర దృష్టితో సేకరించేవారు వాటిని లోపంగా చూడడం సరికాదు.

1835లో కంపెనీ పాలిత ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయి వచ్చాక పరీక్ష కొంత సులువైంది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. ఈ బరువే తులం కావడంతో రూపాయి బిళ్ల తూకపురాయిగా కూడా పనిచేసింది. విక్టోరియా రూపాయల్లో చెవిపైని జుట్టు, చెంప, కిరీటం వంటి ఎత్తైన భాగాలు ముందుగా అరుగుతాయి; ఐదవ జార్జి రూపాయల్లో కిరీటపు రత్నాలు, అంగీ మీది ఏనుగు బొమ్మ ముందుగా మాసిపోతాయి. వీటిలో ఏ గీతా అరగక, టంకసాల మెరుపు మిగిలి ఉంటే అన్‌సర్క్యులేటెడ్ అని, ఎత్తైన చోట్ల మాత్రమే స్వల్పంగా అరిగితే ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అని, వివరాలు స్పష్టంగా ఉన్నా అరుగుదల కంటికి కనిపిస్తే వెరీ ఫైన్ అని, అంతకు దిగువన ఫైన్ అని సేకర్తలు వర్గీకరిస్తారు. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో ప్రతిపాదించిన 1 నుంచి 70 వరకు అంకెల పద్ధతి కూడా నేడు వాడుకలో ఉంది. హారంలో గుచ్చడానికి కొక్కెం అతికించిన నాణెం ఎంత స్పష్టంగా ఉన్నా, టంకం మచ్చ కారణంగా పై తరగతికి నోచుకోదు.

అరుదైన సంవత్సరాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1939 నాటి రూపాయి చాలా అరుదు కనుక దానికి నకిలీలూ ఎక్కువే. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది. అంచు గీట్ల నడుమ చుట్టూ సన్నని గాడి కూడా వచ్చింది. కాబట్టి 1939 అని అంకె ఉన్న బిళ్లకు అంచున ఆ గాడి కనిపిస్తే, అంకెను దిద్దారని వెంటనే అనుమానించాలి. ఇక 1862 అని ముద్రించిన విక్టోరియా రూపాయలు ఆ ఒక్క ఏడాదివి కావు. తర్వాతి ఏళ్లలోనూ అదే అంకెతో ముద్రించి, చిన్న చుక్కల ద్వారా తేడా చూపారు.

ఈ విద్యలో అన్నిటికంటే పెద్ద నష్టం శ్రద్ధ పేరుతోనే జరుగుతోంది. వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసే ముందు చింతపండుతోనో విభూతితోనో తోమిన రూపాయి తెల్లగా తళతళలాడినా, ఏళ్ల తరబడి ఏర్పడిన నలుపు పొరతో పాటు టంకసాల మెరుపూ పోయి, పైన సన్నని గీతలు మిగులుతాయి. వాటిని ఏ ఉపాయమూ తిరిగి పూడ్చలేదు. పీవీసీ కవర్లు కూడా కాలక్రమంలో జిగురు పచ్చదనాన్ని అంటిస్తాయి కనుక, ఆమ్లం లేని కాగితంలోనో మైలార్ తొడుగులోనో పొడిచోట ఉంచి, అంచు పట్టుకొనే చూడాలి.

పొలం దున్నుతున్నప్పుడు నాణేల కుండ బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు కనుక వాటిని వ్యక్తులు విదేశాలకు తరలించరాదు. ఇంట్లోని వెండి రూపాయలను కరిగించాలనుకునేవారు అంతకుముందు వాటి సంవత్సరం, గుర్తు, బరువు రాసి, రెండు వైపులా ఫోటో తీసి, తెలిసినవారికి ఒక్కసారి చూపించాలి.