నల్లచారలు

పాలమూరు వైపు ఒక పరుపుబండ పక్కన సందర్శకుల కేంద్రానికి ప్లాను గీస్తున్న రోజులవి. బండ వంపు ఎలా తిరిగిందో, గోడనూ అలాగే తిప్పాను. దూరం నుంచి చూసేవాళ్లకు బండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియకూడదన్నది నా పట్టుదల. సున్నంతో మార్కింగు వేయిస్తుంటే, రాతిపని చేసే పెద్దాయన చాలాసేపు చూసి, "గీడ కట్టకు సారూ, గిది నీళ్ల తొవ్వ" అన్నాడు.

మే నెల. చుట్టుపక్కల చుక్క నీరు లేదు. ఆయన సుత్తి పైకెత్తి బండను చూపించాడు. పైనుంచి కిందికి జడపాయల్లా దిగిన నల్లటి చారలు. నేను రోజూ చూస్తున్నవే. వాన నీరు ఏళ్ల తరబడి ఒకే దారిన జారితే, ఆ తడి మీద బతికే సూక్ష్మజీవులు రాయిని అలా నల్లబరుస్తాయి. ఎండల్లో ఎండి ప్రాణం లేనట్టు పడుంటాయి, చినుకు తగలగానే లేస్తాయి. ఆ చారలన్నీ కలిసేచోట బండలోనే ఒక దొన ఉంది. నాలుగు చినుకులు పడితే మేకలు తాగేది అందులోనే. నేను గీసిన అందమైన వంపు గోడ సరిగ్గా ఆ చారలకూ దొనకూ మధ్య నిలబడింది.

ప్రకృతిలో కలిసిపోయే కట్టడం అనగానే మనకు ముందు రంగు, ఆకారం గుర్తొస్తాయి. పార్కుల్లో చూస్తూనే ఉంటాం: సిమెంటు పోసి చెట్టు మొద్దులా మలిచిన కుర్చీలు, వెదురు కణుపులు దిద్దిన రెయిలింగులు, జాలీ మీద ప్లాస్టరు పూసి చేసిన గుండ్లు. ఆ మేస్త్రీల చేతిలో గొప్ప పనితనం ఉంది. నిజమైన గుండ్ల మధ్య ఆ చేతులతో ఉత్తుత్తి గుండ్లు చేయిస్తున్నామే అన్నదే నా బాధ.

ఆ పనితనాన్ని నేలకే అప్పగిస్తే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని మపుంగుబ్వేలో కనిపిస్తుంది. దేశం ఉత్తరపు కొసన, లింపోపో, షాషే నదులు కలిసేచోట, పదమూడో శతాబ్దంలో ఒక రాజ్యం వెలిగింది. చెక్కకు బంగారు రేకు తొడిగిన చిన్న ఖడ్గమృగం బొమ్మ అక్కడి సమాధుల్లోనే దొరికింది. 2003లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి సందర్శన కేంద్రాన్ని పీటర్ రిచ్ డిజైన్ చేశాడు. కమానుల లెక్కలు మైకేల్ రామేజ్, జాన్ ఆక్సెన్‌డార్ఫ్‌లవి. ఆ చుట్టుపక్కల పనిలేక ఉన్నవాళ్లకు నేర్పించి, అక్కడి మట్టిలోనే కొద్దిగా సిమెంటు కలిపి, చేతి ప్రెస్సుల మీద సుమారు 2 లక్షల పలకలు తయారు చేయించారు. ఆ పలచటి పలకలను పొరమీద పొరగా పరిచి, ఇనుప చువ్వ పెట్టకుండానే, పెద్ద పెద్ద కమాను కప్పులు లేపారు. ఇది స్పెయిన్‌లోని కాటలోనియా మేస్త్రీల పాత పద్ధతి. మొదటి పొరను చప్పున గట్టిపడే జిప్సంతో అతికిస్తారు కాబట్టి, కింద మొత్తం సెంట్రింగు కొట్టాల్సిన పనిలేదు. పైపొరల పలకలను అతుకు మీద అతుకు రాకుండా అడ్డం తిప్పి వేస్తారు. బరువంతా కమాను వంపులోంచి అంచులకు దిగిపోతుంది. పైన అక్కడి రాళ్లనే పేర్చారు.

ఆ కప్పుల ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ముందుగా తట్టేది ఆ పలకలు నొక్కిన చేతులే. ఈ కట్టడానికి 2009లో బార్సిలోనాలో ప్రపంచ ఉత్తమ భవనంగా అవార్డు వచ్చింది. నాకు ఆ అవార్డు కన్నా, కూలీ డబ్బు ఆ ఊళ్లలోనే తిరిగిందన్న మాటే పెద్దది.

కట్టడం సంగతి సరే, బస్సులు ఎక్కడ ఆగాలి? నా మట్టుకు అసలు డిజైను అక్కడే మొదలవుతుంది. ఉత్తర ఐర్లండ్‌లోని జెయింట్స్ కాజ్‌వే దగ్గర సుమారు 40,000 నల్లరాతి స్తంభాలు సముద్రంలోకి దిగుతాయి. 2012లో తెరిచిన కేంద్రంలో నేలను రెండు మడతలుగా మలిచారు. ఒక మడత కింద భవనం, దానిమీద గడ్డి. రెండో మడత చాటున కార్లు. ఇంగ్లండ్‌లోని పురాతన రాతివలయం స్టోన్‌హెంజ్‌లోనైతే 2013లో కొత్త కేంద్రాన్ని రాళ్లకు దాదాపు 2.5 కిలోమీటర్ల దూరానికి జరిపారు. రాళ్ల పక్కనుంచి పోయే పాత రోడ్డును తవ్వేసి గడ్డి నాటారు. అంత దూరం జరగడానికి ఒప్పుకున్నవాళ్లంటే నాకు గౌరవం.

దగ్గరగా, ఇంకా దగ్గరగా అన్న ఆశ నాకూ ఉండేది. చాలా ఏళ్ల కిందట ఒక అడవి అంచున కట్టిన గదికి నిలువెత్తు అద్దం పెట్టించాను, అడవి గదిలోకి రావాలని. తెరిచిన వారంలోనే వాచ్‌మన్ ఒక గువ్వను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. మెడ వాలిపోయింది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. అద్దం దగ్గరికి వెళ్లి చూస్తే, దానిమీద రెక్కలు రెండూ చాచిన ముద్ర, ఈకల గీతలతో సహా, బియ్యప్పిండి అద్దినట్టు. లోపలున్న మాకు అడవిని చూపించిన అద్దం, బయటున్న గువ్వకూ అడవినే చూపించింది. తర్వాత అద్దం బయట నాలుగు అంగుళాలకు ఒకటి చొప్పున తాళ్లు వేలాడదీయించాను. ఫోటోలు బాగా రావడం లేదని కొందరు విసుక్కున్నారు. తాళ్లు తీయించలేదు.

పరుపుబండ దగ్గర ప్లాను మొదటినుంచీ మళ్లీ గీశాను. దొనకు 300 అడుగుల దిగువన, చారలకు ఎడంగా, ఎప్పుడో రాళ్లు కొట్టి వదిలేసిన గుంత ఉంది. కంపతుమ్మ తప్ప అందులో ఏమీ లేదు. కేంద్రం అందులోకి దిగింది. గోడలకు అక్కడి ముక్కరాళ్లే సరిపోయాయి. మరుగుదొడ్ల నీరు దొన వైపు రాకుండా ఇంకా కిందికి మళ్లించాం. బస్సులు రోడ్డు మీదే ఆగుతాయి, అక్కణ్నుంచి నడకే.

జూన్‌లో మొదటి పెద్దవాన పడ్డప్పుడు పెద్దాయనా నేనూ వసారా కింద ఉన్నాం. బండ మీద ముందు ఒక చార మెరిసింది, తర్వాత రెండోది, తర్వాత అన్నీ. దొన నిండి పొర్లింది. బండ దిగిన నీరు నేను మొదట సున్నం గీతలు పోయించిన చోటు మీదుగా, చీలమండ లోతున, దొనలోకి దిగి, అక్కణ్నుంచి కింది చెరువు వైపు వెళ్లిపోయింది.