గడప లేని ఇల్లు

బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి. పెద్దవాళ్ళ కోసమే కట్టిన ఖరీదైన సీనియర్ లివింగ్ కమ్యూనిటీ ఏది చూడబోయినా నేను ముందు పట్టి చూసేది ఆ తలుపునే. ఈతకొలను, లైబ్రరీ, యోగా హాలు చూపించాలని వాళ్ళకు తొందరగా ఉంటుంది. అవెక్కడికీ పోవు. మన ఇళ్ళలో బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి కాలు జారి పడితే ఆ ఒళ్ళే తలుపుకు అడ్డం. బయటి నుంచి గట్టిగా తోస్తే పడ్డవాళ్ళకే దెబ్బ. గడియ వేసుకుని ఉంటే ఇక గడ్డపారే గతి. పని తెలిసినవాళ్ళు కట్టిన చోట తలుపు బయటికి లాగినా వస్తుంది, లేదా పక్కకు జరుగుతుంది. లోపలి గడియను బయటి నుంచి రూపాయి బిళ్ళతో తిప్పి తీయొచ్చు. దీనికి కాంట్రాక్టరుకు అయ్యే అదనపు ఖర్చు లెక్కలోకి రాదు. ఈ గదిలో మనిషి పడిపోతే ఏం జరుగుతుందని ఎవరో ఒకరు తీరిగ్గా ఆలోచించారు, అంతే.

మా వైపు ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఈ కమ్యూనిటీలకు వెళ్ళే సంగతి ఇప్పుడు చాలా ఇళ్ళలో నడుస్తోంది. కొడుకు బెంగళూరులో, కూతురు అమెరికాలో. నాయనకు డెబ్బై దాటాయి, అమ్మకు మోకాళ్ళు. మేడ్చల్ వైపు గౌడవెల్లిలో సాకేత్ ప్రణామం ఉందట, కోయంబత్తూరులో ఎన్నో ఉన్నాయట, బెంగళూరైతే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగొచ్చు అని ఫోన్లలో మాటలు. వెళ్ళాలా వద్దా అన్న వాదనలో డబ్బు, పరువు, ‘లోకులేమనుకుంటారు’ అన్నీ వస్తాయి. పనితనం గురించి మాత్రం ఎవరూ అడగరు. నాకు అదే ముందు కనిపిస్తుంది.

మళ్ళీ ఆ బాత్రూంలోకే వెళ్దాం. గోడకు బిగించిన స్టీలు కడ్డీ ఒకటిన్నర అంగుళం లావు ఉంటుంది, ముసలి పిడికిట్లో నిండుగా ఇమిడేంత. దానికీ గోడకూ మధ్య సందు ఎంత ఉందన్నది అంతకన్నా ముఖ్యం. వేళ్ళు దూరాలి, మోచెయ్యి దూరకూడదు. సందు ఎక్కువైతే జారినప్పుడు చెయ్యి అందులో ఇరుక్కుని విరుగుతుంది. ఆ కడ్డీ మీద మనిషి మొత్తం బరువు వేసి వేలాడినా కదలకూడదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పట్టుకునేది తువ్వాళ్ళ రాడ్డు. అది రెండు చిన్న మరల మీద నిలబడుతుంది, పట్టుకున్న రోజే గోడలోంచి ఊడి వస్తుంది. కమోడు మామూలు దానికన్నా రెండు మూడు అంగుళాలు ఎత్తు, నేల నుంచి 18 అంగుళాల దాకా. కూర్చోవడం ఎవరికైనా వస్తుంది, లేవడమే కష్టం.

నేల చదునుగా కనిపిస్తుంది. ఒక మగ్గు నీళ్ళు పోసి చూడండి. పడగది వైపు ఒక్క చుక్క రాదు. అన్నీ కలిసి గోడ వారగా ఉన్న సన్నటి జాలీలోకి వెళ్ళిపోతాయి. మామూలు ఇంట్లో నీళ్ళు బయటికి రాకుండా బాత్రూం నేలను రెండంగుళాలు కిందికి దించుతారు, లేదంటే గుమ్మంలో చిన్న కట్ట కడతారు. అర్ధరాత్రి నిద్రమత్తులో లేచిన మనిషి కాలికి తగిలేది ఆ రెండంగుళాలే. వాటిని తీసేసి, వాలుతోనే నీళ్ళను దారిలో పెట్టడం మంచి మేస్త్రీ పని. ఎక్కడో ఒక పలక అర అంగుళం ఎత్తు పోయిందంటే నీళ్ళు మడుగు కడతాయి. ఇలాంటి నేల బాగా కుదిరిన చోట ఆ పని చేసిన మనిషి ఎవరో కనుక్కుని మెచ్చుకోవాలనిపిస్తుంది.

గోడ పక్కన ఒక ఎర్ర తాడు వేలాడుతుంటుంది. లాగితే నర్సు గదిలో గంట మోగుతుంది. అది నేలకు జానెడు ఎత్తు దాకా రావాలి, ఎందుకంటే లాగాల్సిన మనిషి అప్పటికి నేల మీద ఉంటాడు. ఊడ్చేవాళ్ళు అడ్డంగా ఉందని దాన్ని పైకి చుట్టి ముడివేస్తారు. ముడి కనబడిందంటే ఆ చోట కట్టడం ఎంత బాగున్నా నడిపించడం బాగాలేదని అర్థం.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. తలుపు మూడడుగుల వెడల్పు. వీల్‌చెయిర్ తిరగడానికి అయిదడుగుల చోటు. లిఫ్టులో స్ట్రెచర్ పట్టాలి. మెట్ల కొసన రంగు పట్టీ. మెట్లు అయిపోయాక కూడా అడుగు దూరం సాగే చేతికడ్డీ. మంచం మీంచే ఆర్పగల దీపం. అరవై ఏళ్ళ కంటికి ఇరవై ఏళ్ళ కంటికన్నా రెండు మూడింతల వెలుగు కావాలి కాబట్టి వరండాల్లో దండిగా లైట్లు. ర్యాంపుకు మన జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పే వాలు 1:12, అంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. ఈ లెక్కను ఆదోని పాత ఊళ్ళోకి తీసుకెళితే నవ్వొస్తుంది. రెండున్నర అడుగుల ఎత్తు పునాది మీద ఉన్న ఇంటికి ముప్పై అడుగుల ర్యాంపు కావాలి. ఆ సందే అంత వెడల్పు ఉండదు. ర్యాంపు ఎదురింటి పడసాలలోకి పోతుంది.

కోట కింద పాత ఆదోనిలో ఇల్లంటే రాతిగోడల మిద్దె. పైన దూలాలు, వాటి మీద మట్టి, ఆ పైన వాన దిగకుండా చౌడు మట్టి. వేసవిలో లోపల చల్లగా ఉంటుంది. కానీ ముసలితనం ఎలా ఉంటుందో తెలియనట్టు కట్టిన ఇల్లది. ఎక్కడానికి మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. గది గదికీ గడప. స్నానాల గది పెరట్లో. కొళాయి వచ్చే వేళకు కాచుకుని బిందెలు నింపాలి. నేల మీద నునుపు పట్టించిన బేతంచర్ల బండ, సబ్బునీళ్ళు పడితే పలకల కన్నా ఎక్కువ జారుతుంది.

ఇంటి ముందు అరుగు మాత్రం ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకు దండం పెట్టాలి. అది ఇంట్లోనూ లేదు, వీధిలోనూ లేదు. దాని మీద కూర్చున్న అవ్వ ఎవరింటికీ వెళ్ళక్కర్లేదు, ఎవరినీ పిలవక్కర్లేదు. పాలవాడు, బడికి పోయే పిల్లలు, పత్తి యార్డులో ధర ఎంత పలికిందో చెప్పుకుంటూ వెనక్కి వచ్చే రైతులు, అందరూ ఆమె ముందు నుంచే పోతారు. “ఏమవ్వా, ఇంకా కాఫీ తాగల్యా?” అంటుంది పక్కింటి కోడలు. సమాధానం రాకపోతే తొంగి చూస్తుంది. ఎనిమిదింటికి రావలసిన అవ్వ తొమ్మిదైనా అరుగు మీదికి రాలేదంటే ఆ సందు మొత్తానికి అనుమానం వస్తుంది. తాడు లాగే పని లేదు.

కొత్త కమ్యూనిటీలు ఇక్కడే తడబడతాయి. బెంచీలు వేస్తారు, చేతులున్న మంచి బెంచీలే. పూలచెట్ల కింద, ఫౌంటెన్ చుట్టూ. అటువైపు పోవలసిన పని ఎవరికీ ఉండదు. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఫౌంటెన్‌ను చూస్తాడు, ఎదురుగా కూర్చున్న ఇంకో పెద్దాయననూ చూస్తాడు. పిల్లలు పండగలకే కనబడతారు. వయసు కంచె వేసి ఊరు కట్టే ఆలోచన పాతదే. అమెరికాలో అరిజోనా ఎడారిలో డెల్ వెబ్ కంపెనీ సన్ సిటీని 1960 జనవరి 1న తెరిచింది. జనం ఎగబడి చూశారు. ఎండ, గోల్ఫ్, తోటివాళ్ళు ఉంటే చాలన్నది ఆ లెక్క. మనకు గోల్ఫ్ అక్కర్లేదు. వీధి కావాలి. గేటుకు దగ్గరగా, కూరగాయల బండి ఆగే చోట నాలుగు అరుగులు కట్టినవాడు ఈతకొలను కట్టినవాడికన్నా నా దృష్టిలో గొప్ప పనివాడు.

ఎమ్మిగనూరులో ఇంకో పాఠం ఉంది. మాచాని సోమప్ప 1938లో అక్కడ నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి వీవర్స్ కాలనీ కూడా ఒక తరహా మనుషులు ఒకచోట ఉండే చోటే. అయితే వాళ్ళను కలిపింది వయసు కాదు, పని. మగ్గం ఉన్న ఇంట్లో కళ్ళు మసకబారిన తాత మగ్గం గుంతలో కూర్చోలేకపోయినా, అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. ఆమె కండె అందకపోతే కొడుకు మగ్గం ఆగుతుంది. దీన్ని అందంగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. చుట్టకపోతే ఇల్లు గడవదని చుట్టేవాళ్ళే ఎక్కువ. అయినా తన చెయ్యి ఆగితే ఎక్కడో ఒకటి ఆగుతుందని తెలిసిన ముసలితనం వేరు, సాయంత్రం నాలుగింటికి తంబోలా ఉందని నోటీసు బోర్డు చూసుకునే ముసలితనం వేరు. తంబోలాను తక్కువ చేయడం లేదు. తోటపని, వంటింటి లెక్కలు, పక్క బడిలో పిల్లలకు పాఠాలు లాంటి పనులు అక్కడుండే పెద్దవాళ్ళకే అప్పగించిన చోట ఆ తేడా ముఖాల్లోనే తెలుస్తుంది.

భోజనం సంగతి చెప్పకపోతే మా వైపు వాళ్ళు ఊరుకోరు. ఉప్పు, కారం తగ్గించి, నూనె తగ్గించి, అందరికీ సరిపోయేలా వండినది చివరికి ఎవరి ఊరి వంటా కాదు. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం జొన్నరొట్టెలో గురెళ్ళ కారం అలవాటైన నాలుకకు నెల రోజుల ఓట్సు శిక్షే. అదే సమయంలో, డెబ్బై అయిదేళ్ళ ఆమె రెండు పూటలా పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదన్న సంగతి కూడా చూడాలి. రుచి గురించి మగవాళ్ళు ఫిర్యాదు చేసినంతగా ఆడవాళ్ళు చేయరని నా గమనిక.

ఇక కాగితాలు. ఇదీ పనితనమే. పరికించి చదవాలి. ఫ్లాటు కొనేటప్పుడు కట్టడం వరకూ 2016 నాటి రెరా చట్టం కాపలా ఉంటుంది. కానీ మనం కొంటున్నది గోడలను కాదు. పదేళ్ళ తరవాత కూడా వచ్చే నర్సును, వేళకు వచ్చే అన్నాన్ని. కట్టినవాడు వెళ్ళిపోయాక వాటిని ఎవరు నడుపుతారు? కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో విశ్రాంత నివాసాలకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టినవాడు, సేవలు నడిపేవాడు, కొన్నవాడు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలన్నది అందులో మంచి మాట. సేవలు నడిపేవాడి సంతకం లేని చోట బేరం ఆపడం మేలు. నెలనెలా కట్టే నిర్వహణ రుసుము ఏటా ఎంత పెరుగుతుందో ముందే రాయించుకోవాలి. పింఛను అంత వేగంగా పెరగదు. పెద్దవాళ్ళే ఉండాలన్న నియమం ఉన్న చోట పిల్లలకు ఆస్తి వారసత్వంగా వస్తుంది గానీ అందులో కాపురం ఉండడానికి వీలుపడదు. అమ్మబోతే కొనేవాళ్ళు కూడా అదే వయసువాళ్ళు కావాలి. ఇంకోటి, ఆదోని ఇల్లు కొడుకు పేర రాసి వెళ్ళిపోదామనుకునేవాళ్ళు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షను చదవాలి. చూసుకుంటారన్న షరతు దస్తావేజులోనే రాసి ఉంటే, తరవాత చూసుకోకపోతే ఆ దానం చెల్లదనిపించుకోవచ్చు.

కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి ఏటా పంటలయ్యాక జనం వలస పోతారు. కొందరు గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు, కొందరు బెంగళూరు, హైదరాబాదులకు కట్టుబడి పనులకు. ఆ నెలల్లో ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, వాళ్ళ చేతుల్లో పెట్టిపోయిన మనవళ్ళు. ఎవరూ ప్రణాళిక వేయకుండానే వెలిసిన వృద్ధుల కాలనీలు అవి. తాడు లేదు, నర్సు లేదు, కడ్డీ లేదు. నగరంలో పెద్దవాళ్ళ ఫ్లాట్లలో నేల వాలు సరిచూసిన చేతుల్లో, గోడకు స్టీలు కడ్డీ బిగించిన చేతుల్లో కోసిగి చేతులూ ఉండి ఉంటాయి. వాలు ఎంతుండాలో, సందు ఎంతుండాలో తెలిసిన పనివాళ్ళు మనకు కొత్తగా రావలసిన అవసరం లేదు. ఉన్నారు. పండక్కి ఊరికొచ్చినప్పుడు వాళ్ళను పిలిచి తలుపు తెరుచుకునే వైపు మార్పించుకుంటే, కమోడు కింద దిమ్మె వేయించుకుంటే, మంచం పక్కకు స్విచ్చి లాగించుకుంటే సగం పని అయిపోతుంది. బేతంచర్ల బండ నునుపు పట్టించకుండా గరుకు ముఖం పైకి పెడితే జారదు. గడప రాయిని నేలకు సమంగా దించితే పసుపు రాసుకోవడానికి గడప ఉంటుంది, కాలికి తగలదు.

ఏ మేస్త్రీ వల్లా కానిది దూరం. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రి దాదాపు 100 కిలోమీటర్లు. ఎమ్మిగనూరుకు రైలు కూడా లేదు. గుండె జబ్బున్నవాళ్ళకు, మరుపు జబ్బు మొదలైనవాళ్ళకు, తోడు పోయి ఒంటరిగా మిగిలి మందుల లెక్క తప్పుతున్నవాళ్ళకు నేను వెళ్ళమనే చెబుతాను, లోకులేమన్నా సరే. ఇద్దరూ తిరుగుతూ, వీధిలో పలకరించేవాళ్ళుండి, కడ్డీలు బిగించుకునే ఓపిక ఉన్నవాళ్ళకు అప్పుడే తొందర లేదు.

వెళ్ళేవాళ్ళయినా ఇల్లు అమ్మకుండా, ముందు ఒక నెల అద్దెకు ఉండి చూడాలి. చాలాచోట్ల ఆ వీలు ఇస్తారు. ఆ నెలలో ఒక రాత్రి ఒంటిగంటకు తాడు లాగండి. ఎన్ని నిమిషాలకు వచ్చారో, వచ్చింది నర్సో వాచ్‌మనో, మీకు పంచదార జబ్బుందని వచ్చిన మనిషికి తెలుసో లేదో రాసిపెట్టుకోండి. ఊరికే లాగారని వాళ్ళు విసుక్కుంటే అదీ రాసుకోండి.