బుల్లెట్‌కి పదహారు పళ్లా, పదిహేడా?

విజయవాడ రోడ్డు మీద పాత బుల్లెట్ 350ని గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఏకబిగిన నడిపినవాళ్లందరికీ ఇది అనుభవమే. ఇంజిన్‌లో సత్తువ మిగిలే ఉంటుంది, కానీ బండి ఊపిరాడనట్టు పరిగెడుతుంది. హ్యాండిల్ వణుకుతుంది, ఫుట్‌రెస్టులు జివ్వుమంటాయి, అద్దంలో వెనక లారీ రెండుగా కనబడుతుంది. కుడికాలు ఇంకో గేరు కోసం తడుముకుంటుంది. ఆ బండికి ఉన్నవి నాలుగే గేర్లు. ఈ బాధకి మెకానిక్ షెడ్లలో ఎన్నాళ్లుగానో చెబుతున్న మందు ఒకటుంది: గేరుబాక్సు మీద ఉండే 16 పళ్ల స్ప్రాకెట్ తీసేసి 17 పళ్లదో, 18 పళ్లదో వెయ్యడం.

అరచేతిలో పట్టే ఇనుప చక్రం అది. దాన్ని మారిస్తే ఇంజిన్ మారదు, ఫ్రేము మారదు, బయటి నుంచి చూసేవాడికి తేడా తెలియదు. కానీ బండి స్వభావం మారిపోతుంది. కొత్త భాగం కొని బిగించడం ఎవరైనా చేస్తారు. ఏ బండికి, ఏ దారికి, ఎన్ని పళ్లు కావాలో తేల్చడమే ఇందులో అసలు విద్య. హైదరాబాద్‌లో బాగ్ లింగంపల్లిలాంటి చోట ఉండేవాళ్లకి ఈ లెక్క మరీ ముఖ్యం. ఎందుకంటే ఇక్కడి బండి వారమంతా సిగ్నళ్ల మధ్య నలిగి, ఆదివారం హైవే ఎక్కుతుంది.

ఈ బండి ఏ దారుల కోసం పుట్టింది

బుల్లెట్ పేరుతో మొదటి మోటార్‌సైకిల్ 1932లో ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌లో వచ్చింది. మన రోడ్ల మీద మనం చూసిన రూపం మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది. సరిహద్దుల్లో గస్తీకి భారత సైన్యం ఈ బండిని ఎంచుకోవడంతో 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో వెలసింది. ఆ తర్వాత కొన్నేళ్లకి ఇంగ్లండ్‌లోని కంపెనీ మూతపడింది గానీ, ఇక్కడ అదే పోత ఇనుము ఇంజిన్, అదే ఆల్బియన్ నాలుగు గేర్ల బాక్సు దశాబ్దాల పాటు తయారవుతూనే వచ్చాయి.

ఇంజిన్ 346 సీసీ. సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. స్ట్రోకు పొడుగ్గా ఉండటం వల్ల తక్కువ చుట్లలోనే బరువు లాగే గుణం దీనికి వచ్చింది. 18 హార్స్‌పవర్ 5,625 చుట్ల దగ్గర వస్తుందని కంపెనీ లెక్క. అయితే బుల్లెట్ నడిపేవాళ్లు ఆ అంకె దాకా వెళ్లరు. అందులో సగం చుట్లలోనే బండి హాయిగా నడుస్తుంది. ఆ హాయి ఏ వేగం దగ్గర దొరకాలో నిర్ణయించేది ఫైనల్ డ్రైవ్, అంటే గేరుబాక్సు నుంచి వెనక చక్రానికి పోయే చైను, దాని రెండు చివర్లా ఉండే పళ్లు.

350కి కంపెనీ 16 పళ్లు ఇవ్వడంలో అర్థముంది. ఇద్దరు మనుషులు, ట్యాంకు మీద ఓ పిల్లాడు, పక్కన సంచులు, మట్టి రోడ్డు, ఎగుడు దిగుడు. అలాంటి బతుకులో వేగం కన్నా లాగుడే ముఖ్యం. అదే కంపెనీ ఎక్కువ బలమున్న 500కి 17 పళ్లు వేసింది. కాబట్టి 350కి 17 వేయడమంటే పరాయి సామాను అతికించడం కాదు, ఒకే ఇంటి వస్తువు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తేవడమే.

లెక్క ఇదీ

ఇంజిన్ చుట్లు మూడు చోట్ల తగ్గుతూ చక్రానికి చేరతాయి. మొదట ప్రైమరీ చైను. ఇంజిన్ మీద 25 పళ్లు, క్లచ్ మీద 56. అంటే ఇంజిన్ 2.24 చుట్లు తిరిగితే క్లచ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. తర్వాత గేరుబాక్సు. టాప్ గేరులో అక్కడ తగ్గేదేమీ లేదు. చివరిది వెనక చైను. ముందు 16, వెనక డ్రమ్ము మీద 38. మొత్తం గుణిస్తే 5.32. చక్రం ఒక్కసారి తిరగాలంటే ఇంజిన్ అయిదుంపావు చుట్లకు పైనే తిరగాలి.

ముందు 17 వేస్తే ఈ అంకె 5.01 అవుతుంది, 18 వేస్తే 4.73. వెనక 3.25-19 టైరు చుట్టుకొలతను సుమారు 2.05 మీటర్లు అనుకుంటే, 80 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి 16 పళ్లతో దాదాపు 3,460 చుట్లు, 17తో 3,260, 18తో 3,075 తిరుగుతుంది. ఒక్క పన్నుకి నిమిషానికి రెండు వందల చుట్లు కలిసొచ్చాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా సుమారు 270 కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజిన్‌కి నలభై వేలకు పైగా చుట్లు తప్పుతాయి. పిస్టన్ సగటు వేగం సెకనుకి 10.4 మీటర్ల నుంచి 9.8కి దిగుతుంది. చెయ్యి తిమ్మిరెక్కడం తగ్గేది అందుకే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పళ్లు పెరిగితే బలం పెరగదు. ఆ 18 హార్స్‌పవర్ అలాగే ఉంటుంది. వేగానికి ఇంకాస్త చేర్చామంటే లాగుడులో అంత కోసుకున్నట్టే. ఫస్ట్ గేరులో మొత్తం నిష్పత్తి 14.8 ఉండేది 17తో 13.9కి, 18తో 13.1కి పడిపోతుంది. బండి కదిలించడానికి క్లచ్చు ఇంకాస్త సేపు జారాలి, ఎత్తు మీద మూడో గేరు లాగాల్సిన చోట రెండుకి దిగాలి. గాలికి ఎదురుగా పోయేటప్పుడు 18 పళ్ల బండి టాప్ గేరులో ఆయాసపడి, మూడో గేరులోనే వేగంగా పోయే సందర్భాలూ ఉంటాయి.

ఇంకో ప్రమాదం చెవికి తెలుస్తుంది. పొడవైన గేరింగ్‌తో నలభై కిలోమీటర్ల దగ్గర టాప్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ లోపల టకటకమని కొట్టుకుంటుంది. 18 పళ్లతో ఆ వేగంలో ఇంజిన్ తిరిగేది 1,540 చుట్లే. అంత నెమ్మదిలో అంత భారం పడితే బిగ్ ఎండ్ బేరింగ్ దెబ్బతింటుంది. హైవే మీద ఇంజిన్‌ని కాపాడిన చక్రమే ఊళ్లో దాన్ని అరగదీస్తుంది. కాబట్టి స్ప్రాకెట్ మార్చినవాడు తన కాలి అలవాటు కూడా మార్చుకోవాలి.

పదిహేడుకి ఇంకో సుగుణం ఉంది. చైనులో లింకులు మామూలుగా సరిసంఖ్యలోనే ఉంటాయి, ఒకటి లోపలి లింకు, ఒకటి బయటి లింకు. ముందు చక్రానికి సరిసంఖ్యలో పళ్లుంటే ఒక్కో పన్ను ఎప్పుడూ ఒకే రకం లింకుని కలుస్తుంది. 17 బేసి సంఖ్య కాబట్టి ప్రతి పన్నూ ఒక చుట్టులో లోపలి లింకుని, తర్వాతి చుట్టులో బయటి లింకుని అందుకుంటుంది. అరుగుదల అన్ని పళ్లకీ సమంగా పంచుకుపోతుంది. పైగా చక్రం పెద్దదయ్యే కొద్దీ లింకు మడత తగ్గుతుంది. 16 పళ్ల మీద ఒక్కో లింకు 22.5 డిగ్రీలు వంగితే, 17 మీద 21.2 చాలు.

షెడ్డులో జరిగేది

స్ప్రాకెట్ బయటికి కనబడే చోట ఉంటే ఇది అరగంట పని. బుల్లెట్‌లో అది ప్రైమరీ కేసు వెనక దాక్కుంటుంది. ఎడమ ఫుట్‌రెస్టు, బ్రేకు పెడలు తీసి, నూనె ఒంపి, మధ్యలో ఉన్న ఒకే ఒక్క నట్టు విప్పితే బయటి మూత మొత్తం చేతికొస్తుంది. దాని వెనక ఆల్టర్నేటర్, ఇంజిన్ స్ప్రాకెట్, క్లచ్. ప్రైమరీ చైనుకి లాక్ లింకు ఉండదు. అందుకే క్లచ్ ప్లేట్లు తీశాక రెండు చక్రాలనీ చైనుతో సహా ఒకేసారి కొద్దికొద్దిగా లాగాలి. తొందరపడి స్క్రూడ్రైవర్‌తో మీటి లేపితే షాఫ్టు పాడవుతుంది. మంచి మెకానిక్ పుల్లర్ లేకుండా ఈ పని మొదలుపెట్టడు.

లోపలి కేసు కూడా తీశాక కనిపిస్తుంది గేరుబాక్సు స్ప్రాకెట్. బండిని టాప్ గేరులో పెట్టి, వెనక చైను అలాగే ఉంచి, ఒకరు వెనక చక్రం కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు లాక్ వాషర్ విడదీసి నట్టు విప్పుతారు. అందాకా వచ్చాక దాని వెనకున్న ఆయిల్ సీలు కూడా మార్చాలి. ఇరవై నిమిషాల పనికి బద్ధకించి కేసు మూసేస్తే, నెల తిరక్కుండా గేరుబాక్సు గ్రీజు చైను మీదికి కారి మళ్లీ ఇదంతా విప్పాల్సి వస్తుంది.

కొత్త చక్రం మీద పాత చైను వెయ్యకూడదు. చైను లింకు నిడివి అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, అంటే 15.875 మిల్లీమీటర్లు. ఇరవై లింకులు కొలిస్తే 317.5 రావాలి. లాగిపట్టి కొలిచినప్పుడు 324 దాటిందంటే ఆ చైను కొత్త పళ్లని కూడా కొక్కేల్లా వంచేస్తుంది. వెనక పళ్లు కూడా చూసుకోవాలి. పాత బుల్లెట్‌లో అవి బ్రేకు డ్రమ్ముతో కలిసే ఉంటాయి. అవి అరిగితే డ్రమ్మే మార్చాలి. సామాను కోసం పుత్లీబౌలి, రాణిగంజ్ తిరిగేవాళ్లు ఈ మూడింటినీ ఒకే ఖర్చుగా లెక్క వేసుకోవడం మంచిది.

ముందు ఒక పన్ను పెరిగితే అదే చైనుకి వెనక చక్రం సుమారు నాలుగు మిల్లీమీటర్లు ముందుకి రావాలి. రెండు పళ్లకి ఎనిమిది. నత్త ఆకారంలో ఉండే అడ్జస్టర్లలో అంత చోటుందో లేదో ముందే చూడాలి. తర్వాత చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చైను ఎక్కడ బిగువుగా ఉందో వెతికి, ఆ చోట సుమారు అంగుళం వదులు ఉంచాలి. చైను వదులుగా ఉన్నచోట కొలిచి బిగించినవాడు గేరుబాక్సు బేరింగ్‌కి గొయ్యి తవ్వినట్టే.

స్పీడోమీటర్ గురించి బెంగ అక్కర్లేదు. ఈ బండిలో దాని కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి రీడింగు మారదు. చైనుకి బదులు షాఫ్టు ఉన్న పాత బీఎండబ్ల్యూ బాక్సర్లలో ఇంత సులువు కాదు. వాటిలో 37/11 లాంటి అంకె చెక్కి ఉన్న వెనక గేరుపెట్టె మొత్తం తీసి 33/11దో, 32/11దో తేవాలి. స్పీడోమీటర్ గేరుబాక్సు నుంచి నడుస్తుంది కాబట్టి దాన్నీ సరిచెయ్యాలి. యూరప్‌లో ఎంతో ఖర్చుతో చేసే పని మన షెడ్డులో ఒక చక్రంతో అవుతోందంటే, అది చైను డ్రైవ్ ఇచ్చిన వరం.

దారిని బట్టే పళ్లు

సుందరయ్య విజ్ఞాన కేంద్రం దగ్గర బయల్దేరి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా చిక్కడపల్లి, అక్కడి నుంచి అశోక్ నగర్ లైబ్రరీ వైపు, మళ్లీ నారాయణగూడ. ఈ చుట్టంతా రెండు, మూడు గేర్లలోనే సాగుతుంది. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచాక పైన కాసేపు టాప్ గేరు పడుతోంది గానీ, కింద మాత్రం అవే సిగ్నళ్లు, అదే క్లచ్చు మీద వేళ్లు. ఈ దారుల్లో 18 పళ్ల బండి ప్రతి సిగ్నల్ దగ్గరా క్లచ్ ప్లేట్లని కాల్చుకుంటుంది. ఇక్కడే తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన 16 తీయకూడదు.

శ్రీశైలం వెళ్లేవాళ్ల లెక్క వేరు. డిండి దాకా రోడ్డు చదును, 17 హాయిగా ఉంటుంది. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి ఎక్కాక, ముఖ్యంగా ఈగలపెంట నుంచి డ్యాం దగ్గరికి దిగి అవతలి గట్టు ఎక్కేటప్పుడు, వెనక మనిషి ఉంటే 18 కష్టపెడుతుంది. సూర్యాపేట మీదుగా విజయవాడకి ఒంటరిగా, తరచుగా పోయేవాడికి 18 అర్థవంతమే. ఇంజిన్ ఆరోగ్యంగా ఉండి, టైమింగ్ సరిగా ఉంటేనే సుమా. కంప్రెషన్ పోయిన ఇంజిన్‌కి గేరింగ్ పెంచడం జబ్బు మనిషి నెత్తిన మూట పెట్టడమే.

ఈ విద్య విలువ నాకు మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది, ఇది వెనక్కి తీసుకోగలిగిన మార్పు. ఫ్రేము కోసి, ట్యాంకు మార్చి చేసే హంగులు బండి చరిత్రని చెరిపేస్తాయి. పాత స్ప్రాకెట్‌ని నూనె గుడ్డలో చుట్టి దాచుకుంటే రేపు బండి ఎవరి చేతికి వెళ్లినా పూర్వరూపం తిరిగొస్తుంది. యాభై ఏళ్లు దాటిన బండ్లని వింటేజ్‌గా గుర్తించేందుకు 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు కూడా చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పుల్లేకుండా ఉండాలనే చెబుతున్నాయి. రెండోది, పాత ఇంజిన్‌ని ఇవాళ్టి రోడ్ల మీద బతికించే మార్గం ఇది. మూడోది అన్నిటికన్నా పెద్దది: ఇది బండి యజమానికి తన బండి గురించి ఆలోచించడం నేర్పుతుంది.

నేర్పు ఉన్న మెకానిక్ స్ప్రాకెట్ మార్చమని వచ్చినవాణ్ని ముందుగా అడిగేది సామాను గురించి కాదు. "అన్నా, ఎక్కువ ఎటు తిరుగుతవ్? ఒక్కడివే పోతవా, వదినమ్మ గూడ కూసుంటదా?" అంటాడు. జవాబు విన్నాక కొన్నిసార్లు "ఉండనియ్, పదహారే మంచిగుంది" అని పంపేస్తాడు కూడా. దొరికే డబ్బు వదులుకుని చెప్పే ఆ మాటలో అతని చెయ్యి ఎన్ని బండ్లు విప్పిందో ఉంటుంది. అతని దగ్గర పనిచేసే కుర్రాడు పానాలు అందిస్తూ నేర్చుకోవాల్సింది కూడా నట్టు ఎటు తిప్పాలనే దాంతో పాటు ఆ ప్రశ్న ఎలా అడగాలన్నదే. కొత్త బండ్లలో గేరింగ్ గురించి అడిగే అవసరం దాదాపు పోయింది. పాత బండి ఉన్నవాళ్లయినా ఆ మెకానిక్‌కి విప్పిబిగించిన కూలితో సరిపెట్టకుండా, వద్దని చెప్పిన రోజు కూడా అతని సలహాకి విలువ కట్టి చేతిలో పెట్టాలి. షెడ్డులో ఆ ప్రశ్న వినిపించినంత కాలం ఈ విద్య కూడా ఉంటుంది.