ముఖం రంగు చెడగొట్టని వెలుతురు

వనపర్తిలోనో గద్వాలలోనో నాగర్‌కర్నూల్‌లోనో కొత్తగా ఫోటో స్టూడియో పెట్టబోయే పిల్లలు నన్ను మొదట అడిగే మాట దాదాపు ఒకటే. "అన్నా, ఎన్ని వాట్ల లైటు తీసుకోవాలె?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "నీ స్టూడియోకు ఎవరొస్తరు తమ్మీ?" లైట్ల సంగతి అడిగితే గిరాకీ గురించి మాట్లాడుతున్నాడేమిటని వాళ్లు కాస్త తికమకపడతారు. కానీ చిన్న స్టూడియోకు లైటు ఎంచుకోవడమంటే అక్కడ కూర్చోబోయే మనిషిని ముందుగా తలుచుకోవడమే. వాట్లు, బ్రాండ్లు, ధరలు ఆ తర్వాత.

మన మూడు జిల్లాల్లో ఎవరొస్తారు? పింఛనుకో బ్యాంకు ఖాతాకో నాలుగు ఫోటోలు కావాలని ఒక పెద్దమనిషి వస్తాడు. పరీక్ష ఫీజు కట్టాల్సిన ఇంటర్ అమ్మాయి వస్తుంది. ముంబైకో పూణేకో పనికి పోయే ముందు కార్డు కోసం కూలీ వస్తాడు. సంబంధాలు చూస్తున్నారని గద్వాల చీర కట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని ఒక పెళ్లీడు పిల్ల వస్తుంది. ఏడాది పాపను ఎత్తుకుని ఇంటిల్లిపాదీ ఆటో దిగుతారు. వీళ్లలో ఎక్కువమంది ఎండలో పని చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు. నల్లని ఒళ్లు, చామనఛాయ, ఎండకు కమిలిన బుగ్గలు, కళ్ల కింద గీతలు. ఈ ముఖాలను ఉన్నదున్నట్టు నిలబెట్టే లైటే మనకు మంచి లైటు.

పాస్‌పోర్టు సైజు ఫోటో అంటే మనలో చాలామందికి చిన్నచూపు. రెండు నిమిషాల పని, నాలుగు కాపీలు, చిల్లర డబ్బులు. నాకు మాత్రం స్టూడియోలో అన్నింటికంటే బాధ్యత ఉన్న పని అదే. మన ఊళ్లలో ఎంతోమంది పెద్దవాళ్లు జీవితం మొత్తంలో ఒంటరిగా దిగిన ఫోటో అదొక్కటే. మనిషి పోయాక ఇంట్లోవాళ్లు ట్రంకుపెట్టె వెతికి, ఏదో కార్డుకు అంటించిన ఆ ముక్కను జాగ్రత్తగా ఊడదీసి తెస్తారు. వెడల్పు 35 మిల్లీమీటర్లు, ఎత్తు 45 మిల్లీమీటర్లు. "దినాలకు పెద్దగ చేసియ్యాలె సార్" అంటారు. దాన్ని 12 అంగుళాలు, 18 అంగుళాల ఫ్రేములోకి పెంచినప్పుడు ఆ రోజు లైటు చేసిన పని అంతా బయటపడుతుంది. కళ్ల గుంటల్లో నీడ నిండిపోయి కనుపాపలు కనిపించవు. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉంటుంది, దాని కింద చర్మమే లేదు. చెవి పక్కన గోడ మీద నల్లటి నీడ, మనిషి వెనక మరో మనిషి నిలబడ్డట్టు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. లైటు పట్టుకోని కంటి చూపును మనం తర్వాత గీసి పెట్టగలమే తప్ప తిరిగి తేలేం. దండ వేసి ఏళ్ల తరబడి గోడకు ఉండబోయే ముఖాన్ని ఆ రెండు నిమిషాల్లోనే తీస్తున్నామని గుర్తుంటే, లైటు కొనేటప్పుడు మన లెక్కే మారిపోతుంది.

పాత స్టూడియోల్లో గోడకు అద్దం, దాని కింద దువ్వెన, పౌడర్ డబ్బా తప్పనిసరి. పౌడరుకు అసలు పని ఒకటుంది. చిన్న లైటు నేరుగా కొడితే చెమట, నూనె ఉన్న చర్మం మీద ఆ లైటు బొమ్మే మచ్చగా మెరుస్తుంది, పౌడరు ఆ మెరుపును అణుస్తుంది. కాలక్రమంలో అది రంగు మార్చే పనిలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ పని ఫోటోషాప్ చేస్తోంది. "జర తెల్లగ చెయ్యన్నా" అని అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల ముఖాన్ని చిన్న ఫ్లాష్‌తో ఎదురుగా కొట్టి తీస్తే చదునుగా, మట్టి రంగులో, జీవం లేకుండా వస్తుంది. వాళ్లకు నచ్చనిది ఆ జీవం లేకపోవడం. దాన్ని సరిచేయమని అడగడానికి వాళ్ల దగ్గరున్న మాట 'తెలుపు' ఒక్కటే. అదే ముఖాన్ని మంచి వెలుతురులో తీసి చూపించండి. నల్లని చర్మం మీద చెంప ఎముక వెంట ఒక నునుపైన మెరుపు, దవడ కింద మెత్తని నీడ, కంట్లో చుక్క. తెల్లగా చేయమని ఆ తర్వాత అడిగేవాళ్లు చాలా తక్కువ. ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన సంగతి.

నల్లని ముఖాలకు జరిగే ఈ అన్యాయం మన ఊరిదొక్కటే కాదు. రంగుల ఫోటోల తొలి దశాబ్దాల్లో ల్యాబులు ప్రింటు రంగు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన నమూనా కార్డు మీద ఒక తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది. దానికి 'షర్లీ కార్డు' అని పేరు. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టే లెక్క. నల్లని ముఖాలు ఎలా వచ్చినా కొలతలో లేవు. చాలా కాలం తర్వాత ఆ పద్ధతి మారింది. ఇప్పుడు మన చేతిలో డిజిటల్ కెమెరా ఉంది, ఎవరి చర్మాన్ని ప్రమాణంగా పెట్టుకోవాలో మనమే నిర్ణయించుకోవచ్చు. పాలమూరు ఎండలో పనిచేసిన ముఖాన్నే ప్రమాణంగా పెట్టుకుందాం.

అలా పెట్టుకుంటే లైటులో చూడాల్సినవి రెండే తేలతాయి: దాని సైజు, దాని రంగు నిజాయితీ.

ముందు సైజు. మన పల్లెల్లో ఏ ఇంట్లోనైనా ముఖానికి మంచి వెలుతురు గడప దగ్గర ఉంటుంది. నేరుగా ఎండ పడని వేళ పెద్దమ్మను గడప లోపల, బయటికి చూసేలా కూర్చోబెడితే తలుపు నిండా ఆకాశపు వెలుగు వచ్చి ముఖాన్ని చుట్టుకుంటుంది. ఆ వెలుగు మెత్తగా ఉండేది అది వచ్చే చోటు ముఖం కంటే ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి. సాఫ్ట్ బాక్స్ అయినా, గొడుగు అయినా చేసేది ఈ గడప పనే. 90 నుంచి 120 సెంటీమీటర్ల సాఫ్ట్ బాక్స్‌ను ముఖానికి మూడు నాలుగు అడుగుల్లో, ఒక పక్కగా, కళ్ల కంటే కాస్త ఎత్తులో పెడితే ఒక్క లైటుతోనే పోర్ట్రెయిట్ వస్తుంది. రెండో పక్క నీడ ఎక్కువైతే తెల్లటి థర్మోకోల్ షీటు నిలబెడితే చాలు. ముసలివాళ్ల కళ్లు లోతుగా ఉంటే లైటును కాస్త దించి, అదే షీటును ఒళ్లో పెట్టుకోమనండి, గుంటల్లోకి వెలుగు చేరుతుంది. కళ్లజోడు ఉంటే లైటును పైకెత్తండి, అద్దాల్లో మెరుపు పోతుంది. 60 సెంటీమీటర్ల చిన్న బాక్సును ఎనిమిది అడుగుల దూరంలో పెట్టి, వెలుగు చాలడం లేదని మరిన్ని వాట్లు కొనేవాళ్లను చూస్తుంటాను. వాళ్లకు కావాల్సింది వాట్లు కాదు, దగ్గరితనం.

దూరం లెక్క ప్రతి ఫోటోగ్రాఫరుకూ నోటికి రావాలి. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతు. మనిషి లైటుకు మూడు అడుగుల్లో, గోడ తొమ్మిది అడుగుల్లో ఉంటే గోడకు చేరేది ముఖం మీది వెలుగులో తొమ్మిదో వంతే. అందుకే పోర్ట్రెయిట్‌కు ఎంతో అందమిచ్చే ఒక్క లైటు పాస్‌పోర్టు ఫోటోలో తెల్ల కర్టెనును బూడిదరంగు చేస్తుంది. రెండో లైటు అవసరమయ్యేది అక్కడ, కర్టెను మీదకు. అది చిన్నదైనా చాలు. కుటుంబం ఫోటోకు లెక్క తిరగబడుతుంది. లైటు దగ్గరుంటే ఈ చివర కొడుకు వెలిగిపోతాడు, ఆ చివర కోడలు చీకట్లో ఉంటుంది. లైటును వెనక్కి, పైకి జరిపితే అందరికీ సమానంగా పడుతుంది. పవర్ ఉపయోగపడేది అప్పుడే.

ఇక రంగు. లైటు డబ్బా మీద రంగు నిజాయితీని చెప్పే సీఆర్ఐ అంకె 95 అని రాసి ఉంటే తృప్తిపడి కొనేస్తాం. ఆ అంకె ఎనిమిది లేత రంగులకు తీసిన సగటు. ముదురు ఎరుపు ఆ సగటులో లేదు. దానికి ఆర్9 అని వేరే కొలత ఉంటుంది, చవక ఎల్ఈడీలు తప్పేది అక్కడే. మన చర్మంలోని జీవం ఎరుపులో ఉంది. నుదుటి కుంకుమ, పెళ్లిచీర, తమలపాకు నమిలిన పెదవి అన్నీ ఎరుపే. ఆర్9 తక్కువైన లైటు కింద చామనఛాయ ముఖం పాలిపోయి, కాస్త పచ్చగా తిరుగుతుంది. కొనే ముందు ఆ అంకె అడగండి. షాపువాళ్లు చెప్పలేకపోతే కుంకుమ పెట్టుకున్న మనిషిని ఆ లైటు కింద ఒకసారి, ఆరుబయట నీడలో ఒకసారి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఫోన్లో స్లో మోషన్ వీడియో కూడా తీయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం ఎల్ఈడీ సెకనుకు 100 సార్లు రెపరెపలాడుతుంది, వీడియోలో అది తెలిసిపోతుంది. అలాంటిది వేగమైన షట్టర్‌లో ఫోటో మీద చారలు వేస్తుంది.

ఈ కారణంగానే మొదటి లైటు ఫ్లాషే కొనమని నేను చెబుతాను. ఫ్లాష్ ట్యూబులో ఉండే జెనాన్ వాయువు వెలుగు పగటి వెలుగుకు దగ్గరగా, అన్ని రంగులతో నిండుగా ఉంటుంది. మామూలు ధర ఫ్లాష్‌లోనూ ఎరుపు ఎరుపులాగే వస్తుంది. ఒక్క మనిషికి 200 నుంచి 300 వాట్ సెకన్ల ఫ్లాష్ సరిపోతుంది. ఐఎస్ఓ 100, షట్టర్ 125, ఎఫ్ 8 పెట్టుకుంటే గదిలోని ట్యూబ్ లైటు రంగు, దుకాణం బయట నుంచి వచ్చే రోడ్డు వెలుగు ఫోటోలో కలవవు. కదిలే పాప బొమ్మ చెదరదు. ఎల్ఈడీకి దాని చోటు దానికి ఉంది. ఫోన్‌తో వీడియోలు తీయాలన్నా, మెరుపుకు ఉలిక్కిపడే పసిబిడ్డకైనా, నీడ ఎక్కడ పడుతుందో కళ్లతో చూసి నేర్చుకోవాలన్నా అదే మేలు. డబ్బు చేతికొచ్చాక రెండోదిగా మంచి ఎల్ఈడీ తెచ్చుకోండి. అది వెలిగించి తీసేటప్పుడు ట్యూబ్ లైట్లు ఆర్పడం మరవద్దు, లేకపోతే ఒక చెంప ఒక రంగు, రెండో చెంప ఇంకో రంగు. కరెంటు పోయినప్పుడు ఫ్లాషును ఇన్వర్టర్ మీద నడపాలంటే ప్యూర్ సైన్ వేవ్‌ది కావాలి, దారి చూపే మోడలింగ్ బల్బును ఆర్పేయాలి. ఫ్లాష్ పాడైతే మీరు విప్పకండి. స్విచ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, అది ప్రాణం మీదికి వస్తుంది.

గద్వాల చీర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు, మీద జరీ. నేతకారులు నూలునూ పట్టునూ అంచు దగ్గర పోగుకు పోగు మెలేసి కలుపుతారు. నూలు వెలుగును తాగుతుంది, పట్టు మెత్తగా తిప్పి పంపుతుంది, జరీ అద్దంలా కొడుతుంది. చిన్న లైటు నేరుగా వేస్తే జరీ తెల్లటి గీతగా కాలిపోయి కోటకొమ్మ అంచు ఆకారమే కనపడదు. పెద్ద సాఫ్ట్ బాక్సును పక్కనుంచి, చీరకు ఏటవాలుగా తెస్తే జరీ బంగారంలాగే ఉంటుంది, నూలు నేత కూడా తెలుస్తుంది. లంబాడీ ఆడవాళ్ల దుస్తుల మీది అద్దాలకూ ఇదే సూత్రం. వెలుగు ఏ కోణంలో పడితే ఆ కోణంలోనే తిరిగిపోతుంది. కెమెరా పక్కన ఉన్న లైటును మెల్లగా జరుపుతూ పోతే ఒక చోట అద్దాలన్నీ కెమెరాను వదిలేస్తాయి, పనితనం బయటికొస్తుంది. ఇందుకు పెట్టాల్సింది రెండు నిమిషాల ఓపికే.

లైటుతో పాటు గదినీ చూసుకోవాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక మహిళ చేతిలో ఉంచారు. మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరొచ్చింది ఆ నిజాం నుంచే. ఆ కాలపు స్టూడియోలకు వెలుగు అంటే గాజు కప్పు, దాని కింద పరదాలు. పరదా జరిపి వెలుగును దిద్దుకునేవాళ్లు. ఎవరొస్తారో ముందు ఆలోచించి, వాళ్లకు తగినట్టు గదిని కట్టిన పద్ధతి ఆ జనానా స్టూడియోది. మనకు దొరికేది పది అడుగుల వెడల్పు మడిగె. గోడలకు గులాబీ, ఆకుపచ్చ రంగులు వేస్తే ఆ రంగే బుగ్గల మీద పడుతుంది, కాబట్టి తెలుపో బూడిదో వేయించండి. అంత ఖర్చుకే గది మన పక్షాన ఉంటుంది.

వంద రూపాయలు ఉంటే నా పంపకం ఇది: ఫ్లాష్‌కు 40, సాఫ్ట్ బాక్స్‌కు 25, గట్టి స్టాండ్‌కు 15, కెమెరా నొక్కగానే ఫ్లాషును వెలిగించే ట్రిగ్గర్‌కు 10, మిగతా పది థర్మోకోల్, కర్టెను, స్టాండ్ కాళ్ల మీద వేసే ఇసుక సంచులకు. పిల్లలు తిరిగే గదిలో ఇసుక సంచి లేని స్టాండ్ పెట్టకూడదు. హైదరాబాద్‌లో కోఠికి పోయినా, కర్నూలుకో రాయచూరుకో పోయినా, రిపేరు ఎక్కడ చేస్తారో అడిగి తెలుసుకున్నాకే డబ్బులివ్వండి.

ఇంకొక్క మాట. కొనబోయే లైటును ఎవరి మీద పరీక్షిస్తున్నారో చూసుకోండి. షాపులో పనిచేసే కుర్రాడి మీద కాదు. ఎండలో పనిచేసిన ఒక పెద్దమనిషిని, గద్వాల చీర కట్టిన ఒక అమ్మాయిని, బడిపిల్లను ఒకరిని దాని కింద కూర్చోబెట్టి తీయండి. ఫోటోలు ఇంటికి పంపించి, వాళ్ల వాళ్లు ఏమంటారో వినండి. "మా నాయన అచ్చం ఇట్లనే ఉంటడు" అని ఎవరైనా అంటే ఆ లైటు తీసుకోండి. మరో కంపెనీ, ఇంకో ఫీచరు అని వెతకాల్సిన పని లేదు.