నట్టు ముందు వేళ్లతో ఎక్కాలి

కారు చక్రాన్ని పట్టి ఉంచేది నట్లే అనుకుంటాం. నిజానికి నట్టు బిగించేకొద్దీ అది ఎక్కే మర కడ్డీ, అంటే స్టడ్, వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ తన కొలతకు రావాలని లాగుతుంది. ఆ లాగుడే చక్రాన్ని అది కూర్చునే హబ్‌కి అదిమి ఉంచుతుంది. నట్టు వదులైతే ఆ అదుము పోతుంది. చక్రం తిరిగినప్పుడల్లా స్టడ్ అటూ ఇటూ వంగుతుంది. ఇనుప తీగను పదేపదే వంచితే తెగినట్టే చివరికి అదీ తెగుతుంది.

మా కారు ముందు చక్రానికి ఒక స్టడ్ మర పోయింది. హైవే పక్క టైరు షాపులో కుర్రాడు నట్టు పెట్టీ పెట్టకముందే ఎయిర్ గన్ ఆనించాడు. మరలు కలిశాయో లేదో గన్‌కి తెలియదు, వంకరగా పడ్డ నట్టునూ అంతే బలంగా తోస్తుంది. కుర్రాణ్ని తప్పుపట్టను, బళ్లు వరస కట్టి ఉన్నాయి. ఇప్పుడు ఏ షాపులోనైనా దిగి పక్కన నిలబడి, ‘ముందు చేత్తో ఎక్కించు బాబూ’ అని అడుగుతాను. ‘ఇంకా మూడున్నాయిగా, నడిపించెయ్యండి’ అన్నవాళ్లూ ఉన్నారు. నాలుగు స్టడ్ల చక్రానికి ఒకటి పోతే నాలుగో వంతు పట్టు పోయినట్టే. ఆ సలహా ఎవరూ వినకూడదు.

స్టడ్ మార్చడం ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనే. చదునైన నేల కావాలి, వెనక చక్రాలకి అడ్డు పెట్టాలి, జాకీతోపాటు స్టాండు కూడా ఉండాలి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కింద చెయ్యి పెట్టకూడదు. బ్రేక్ కాలిపర్ విప్పాక తీగతో స్ప్రింగుకి కట్టెయ్యాలి. దాని గొట్టం మీదే వేలాడనిస్తే గొట్టం దెబ్బతిని బ్రేకులకే ముప్పు. డిస్క్ తీసి, హబ్ తిప్పుతూ వెనక ఖాళీ ఉన్న చోటికి పాత స్టడ్‌ని తెచ్చాను. కొన్ని కార్లలో ఆ ఖాళీ ఉండదు, హబ్ ఊడదీయాల్సిందే. అలాంటివి మెకానిక్‌కి వదిలెయ్యడం మంచిది. సుత్తి దెబ్బ బేరింగుకీ తగులుతుంది కాబట్టి పుల్లర్ బిగించి నెట్టాను. టక్కుమని ఒక్క చప్పుడుతో స్టడ్ జారి చేతిలో పడింది.

దుకాణానికి ఆ పాత స్టడ్‌నే పట్టుకెళ్లాలి. మందం అదే 12 మిల్లీమీటర్లయినా మారుతి కార్లకి మర పిచ్, అంటే రెండు మరల మధ్య దూరం, సాధారణంగా 1.25, హ్యుందాయ్, టయోటాలకి 1.5. చూపుకి తేడా తెలియదు. ఒకదాని నట్టు ఇంకోదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. స్టడ్ తల కింద ఉండే గాట్ల మందమూ సరిపోవాలి, హబ్ రంధ్రంలో కరుచుకునేవి అవే.

పనంతటిలో నాకు ఇష్టమైన ఘట్టం కొత్తది లోపలికి లాగడం. స్టడ్‌ని వెనకనుంచి దూర్చి, ముందు గట్టి వాషర్లు నాలుగైదు వేసి, వాటి మధ్య కాస్త గ్రీజు రాసి, పాత నట్టు ఒకటి తిరగేసి చదును వైపు ఆనేలా బిగించాలి. గాట్లు రంధ్రంలోకి దిగుతుంటే పానా పట్టిన చేతికి ఆ బిగువు తెలుస్తూనే ఉంటుంది. తల హబ్‌కి తాకగానే పానా కదలనంటుంది. అక్కడితో ఆగి, వెనక టార్చి వేసి చూడాలి. తల చుట్టూ సందు కనిపించకూడదు. కొందరు చక్రాన్నే పెట్టి దాని నట్టుతోనే లాగేస్తారు. తల పూర్తిగా కూర్చోకపోతే కారు నడిచేటప్పుడు కూర్చుంటుంది, అప్పుడు నట్టు వదులైపోతుంది. చక్రాలు ఊడిన కథల్లో కొన్నిటి మొదలు ఇదే.

చక్రానికి మాత్రం కొత్త నట్టు వేశాను. మరలకి నూనె రాయలేదు, కారు మాన్యువల్‌లో ఇచ్చే టార్క్, అంటే బిగింపు బలం, అంకె పొడి మరలకి. మామూలు కార్లలో చాలావాటికి అది సుమారు 80 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మన కారుది మాన్యువల్‌లో చూసుకుని, ఎదురెదురు నట్లు మార్చి మార్చి టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఓ 80, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి రెంచ్ వేయాలి. మాది మర పోయిన కేసు కాబట్టి ఒక్కటి మారిస్తే సరిపోయింది. అదే స్టడ్ తెగిపోయి ఉంటే, దాని బరువు కూడా మోసిన పక్కవాటినీ మార్చేవాణ్ని.